నాన్న రివాల్వర్‌కి కొత్త ఒర

సీల్ కోవ్, కోడియాక్ దీవి, అలాస్కా
ఆగస్టు 14, 1988

అక్కా,

ఉత్తరం టైపు కొట్టి ఉందని కంగారు పడకు. పన్నుల వాళ్లది కాదు, నాదే. చేపల ఫ్యాక్టరీ ఆఫీసులో పాత మిషను పారేస్తుంటే ఇంటికి మోసుకొచ్చాను. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేసరికి టీ చల్లారిపోతోంది. అయినా సరదాగానే ఉంది.

నాన్న రివాల్వర్ ఒర పని అయిపోయింది. ఉప్పుగాలికి కుట్లన్నీ చివికి అడుగున నోరు తెరిచింది. మొన్న పడవ దిగుతుంటే గొట్టం కొస బయటికి తొంగి చూస్తోంది, చిరిగిన బూటులోంచి బొటనవేలు చూసినట్టు. నాన్న తోలు కొట్టు నీ చేతిలోనే ఉంది, ఆయన కత్తులూ సూదులూ నీ దగ్గరే ఉన్నాయి. అచ్చం అలాంటిదే, నడుముకి కుడిపక్కన కట్టుకునేది, ఒకటి కుట్టి పంపు. ఆ రివాల్వర్ ఎంత పొడుగో, ఎంత బరువో నీకు నేను చెప్పక్కర్లేదు.

దుప్పుల వేట మొదలైంది. చలికాలానికి మాంసం ఇంకా ఒక్క ముక్క కూడా దాచలేదు. ఈ ఏడాది బెర్రీలు కాయలేదు, చేపలు ఏటిలోకి ఆలస్యంగా ఎక్కాయి, ఎలుగులన్నీ ఆకలి మీద ఉన్నాయి. ఇక్కడ తుపాకీ పేలిందంటే వాటిని బంతి భోజనానికి పిలిచినట్టే. దుప్పి పడిన చోటికి మనకన్నా ముందే వస్తాయి. ఆ ఆల్డర్ పొదల్లో పొడుగు తుపాకీ తిప్పడానికి చోటుండదు, నాన్న రివాల్వరే దిక్కు. అందుకే తొందర.

మా ఇంటావిడ ఫెడోసియా నిన్ను అడిగానని రాయమంది. నీ ఉత్తరాలన్నీ దేవుడి పటాల పక్కనే పెడుతుంది. నేనేమో గూట్లో గుడ్డలకింద పెడతాను, అది వేరే సంగతి.

నీ తమ్ముడు,
ఆర్లో


లెమ్‌హై లోయ, ఐడహో
ఆగస్టు 30

తమ్ముడు ఆర్లోకి, ప్రభువు నీ ఇంటి గడప కాయాలని కోరుతూ అక్క రాసేది.

నీ మిషను ఉత్తరం అందింది. లోపలి ఎకసెక్కాలు చూశాక గాని నువ్వే రాశావని నమ్మబుద్ధి కాలేదు. నాకు నీ కోడిగెలికిన రాతే బాగుంటుంది. ఈసారి చేత్తో రాయి.

ఇక్కడ కొండలమీద అడవులు కాలుతున్నాయి. పొగకి సూర్యుడు గుడ్డు పచ్చసొనలా కనిపిస్తున్నాడు. ఆదివారం పాస్టరు గారు ప్రసంగం మధ్యలో దగ్గు ఆపుకోలేక కీర్తన మొదలెట్టమని నాకు సైగ చేశారు. నేనూ దగ్గుతూనే పాడాను. మీ బావ వెర్ల్ "ఈ రోజు దేవుడు కూడా చెవుల్లో దూది పెట్టుకుని ఉంటాడు" అన్నాడు. ఆయన సంగతి తెలిసిందేగా.

ఒర సంగతికి వస్తాను. తోలు తీసి బల్లమీద పరిచాను. కత్తి పెట్టబోయి ఆగిపోయాను. నాన్న ఎవరికైనా ఒర కుట్టేముందు తుపాకీ గురించి అడిగేవాడు కాదు, గుర్తుందా? "రోజంతా ఏం చేస్తావయ్యా నువ్వు?" అని అడిగేవాడు. తనకోసం ఆయన కుట్టుకున్నది గుర్రంమీద తిరిగే మనిషి ఒర. జీనులో కూర్చుంటే తొడ పక్కకి దిగుతుంది, చెయ్యి వదిలితే చాలు పిడి తగులుతుంది. నీకు గుర్రమేది? నువ్వు పడవలో కూర్చుంటావు. అంత పొడుగు గొట్టం నడుముకి కట్టుకుని కూర్చుంటే పిడి పక్కటెముకల్లో పొడుస్తుంది. నడిచేటప్పుడు వీపున మాంసం మోసే చట్రం ఉంటుంది, దాని నడికట్టు సరిగ్గా ఒర మీదే పడుతుంది. పైన వానకోటు. ఇన్నిటి కింద ఉన్న తుపాకీ ఉన్నా ఒకటే, ఇంట్లో వదిలేసినా ఒకటే.

చంక కింద పెట్టుకునేది ఉంది. దానికీ కోటు బొత్తాలు విప్పితే గాని చెయ్యి వెళ్లదు. పైగా తీసేటప్పుడు గొట్టం నీ వెనక నడిచే మనిషి వైపు తిరుగుతుంది. నీ వెనక నడిచేది ఫెడోసియా. అది నాకు ఇష్టం లేదు.

జీను బాగుకిచ్చిన క్లెటస్ తాత కొట్టులోకి వస్తే ఆయన్ని అడిగాను. "నడుముకా! ఆ కుర్రాడికి మతి పోయిందా? ఛాతీ మీద కట్టమను, కోటు పైన. యుద్ధంలో ట్యాంకులు తోలేవాళ్లం అలాగే కట్టుకునేవాళ్లం. కూర్చో, నిలబడు, బోర్లా పడు, అది ఎక్కడికీ పోదు. పెళ్లాంలా గుండెల మీదే ఉంటుంది" అన్నాడు. అంతలోనే నేనున్నానని గుర్తొచ్చి టోపీ తీసి క్షమించమన్నాడు.

నాకు ఆయన మాటే సరిగ్గా తోస్తోంది. నువ్వు ఒప్పుకుంటే ఛాతీమీద ఏటవాలుగా కుడతాను. తుపాకీ కొలత నాకక్కర్లేదు, ఆ రివాల్వర్ ఆకారంలో నాన్న చెక్కిన మేపుల్ కర్ర అచ్చు ఇంకా మేకుకే వేలాడుతోంది. నీ ఒంటి కొలత కావాలి. ఎంత మందం కోటు వేసుకుంటావో అది వేసుకుని, దారం ఛాతీ చుట్టూ తిప్పి ఒక ముడి వెయ్యి, భుజంమీదుగా తిప్పి ఇంకో ముడి వెయ్యి. నాన్న పద్ధతే. అంకెలు రాయకు, నీ అంకెలు నేను నమ్మను.

ప్రతిసారీ అడిగేదే ఇప్పుడూ అడుగుతున్నాను. కలప మిల్లులో వెర్ల్ పక్కనే చోటు ఖాళీగా ఉంది. వచ్చేయరాదూ? ఇక్కడ దుప్పిని కొడితే దుప్పే వస్తుంది, దాని వెనక ఎలుగు రాదు.

అక్క,
నెల్డా


సీల్ కోవ్
సెప్టెంబరు 17

అక్కా,

క్లెటస్ తాత ఇంకా బతికే ఉన్నాడా! ఆయన గుర్రానికి నా ముద్దులు.

ముందు నడుమే అని వాదిద్దామనుకున్నాను. నాన్న కట్టుకున్నచోట కట్టుకుంటే ఆయన పక్కనున్నట్టు ఉంటుంది కదా అని. పోయిన వారం మా పక్కింటి సిమియోన్ సంగతి విన్నాక నోరు మూసుకున్నాను. ఒక్కడే వెళ్లి దుప్పిని కొట్టాడు. తుపాకీ పొదకి ఆనించి, చేతులు మోచేతులదాకా దుప్పి కడుపులో పెట్టి పని చేసుకుంటున్నాడు. తలెత్తి చూస్తే ఎలుగు. ఎక్కడ? అతనికీ తుపాకీకీ మధ్య. రివాల్వర్ ఉంది గాని అది వీపు చట్రానికి వేలాడుతోంది, చట్రం తుపాకీ పక్కనే ఉంది. "ఏం చేశావు మామా?" అంటే "ఏం చేస్తాను, భోంచెయ్యి బాబూ అని వెనక్కి వెనక్కి నడిచాను. కత్తి కూడా దానికే ఇచ్చొచ్చా" అన్నాడు. ఊరంతా నవ్వింది. అతని భార్య ఒక్కతే నవ్వలేదు.

కాబట్టి ఛాతీయే. రెండు చేతులూ నెత్తుట్లో ఉన్నా అందే చోటు అదొక్కటే.

కోడియాక్ పట్నంలో కొట్టువాడు నైలాను గుడ్డ ఒర చూపించాడు. మూత తీస్తే అంటుకునే పట్టీ చర్ర్‌మంటుంది. దుప్పి పారిపోతుంది, ఎలుగు వస్తుంది. పైగా తడిస్తే తడికుక్క వాసన. నువ్వే కుట్టు.

దారం పంపుతున్నాను. చేపల వల దారం, వాసనకి క్షమించు. ముడులు జాగ్రత్తగానే వేశాం. ఎక్కువ ప్రశ్నలు అడక్కుండా త్వరగా పంపు అక్కా. మాంసం దాచే గూడు ఖాళీగా ఉంది, కొండమీది మంచు దిగువకి వస్తోంది.

మిల్లు సంగతి చదివాను. చదివానని మాత్రమే రాస్తున్నాను.

ఆర్లో


లెమ్‌హై లోయ
అక్టోబరు 4

నా తమ్ముడా,

నీ దారం బల్లమీద పరిచి రెండుసార్లు కొలిచాను. ఏడ్చాననుకో.

నీ పెళ్లికి చొక్కా కుట్టి పంపినదాన్ని నేను. నీ ఛాతీ ఎంతో నా చేతులకి తెలుసు. నాన్న నిన్ను పీపా అని పిలిచేవాడు. ఆ పీపా చుట్టూ, కోటుతో కలిపి తిరిగిన దారం ఇంత పొట్టిదా? వెర్ల్ పక్కన పెట్టి చూస్తే బెత్తెడు తక్కువ వచ్చింది. వెర్ల్ నీకంటే సన్నం.

నాన్న చివరి ఏడాది ఇలాగే కరిగిపోయాడు. బెల్టుకి కొత్త బొక్కలు పొడిపించుకుంటూ "తోలు సాగిందే అమ్మాయ్" అనేవాడు. నువ్వూ అలాగే దాస్తున్నావు. టైపు మిషను ఎందుకో కూడా అర్థమైంది. కలం పట్టే ఓపిక లేదు కదూ?

నన్ను తిట్టుకోకు. బుధవారం ప్రార్థన కూటంలో నీ పేరు చెప్పాను. ఏ జబ్బో చెప్పలేదు, తెలియదు కాబట్టి. అందరూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నీకు కార్డులు రాస్తున్నారు.

ఒర కుట్టాను. మందం తోలు రెండు రోజులు నానబెట్టి, నాన్న అచ్చుమీద బిగించి, ఎముక ముక్కతో రుద్ది ఆకారం తీశాను. ఉప్పునీటికి తేనెమైనం పట్టించాను. గుళ్ల చక్రం దగ్గర తోలు ఎంత బాగా కూర్చుందో, అచ్చు బయటికి తీస్తుంటే చిన్నగా నిట్టూర్చింది. పట్టీలు నీ దారం ప్రకారమే కోశాను గాని చివర కొన్ని బొక్కలు ఎక్కువే పొడిచాను, నువ్వు మళ్లీ ఒళ్లు చేసినప్పటికి. ఆ బొక్కలు పొడుస్తూ ఒక్కోదానికి ఒక్కో ప్రార్థన చేశాను.

దీంతోపాటు హకిల్‌బెర్రీ జామ్ సీసాలు పెట్టాను. తిను. కారణం చెప్పకపోతే వెర్ల్ విమానం ఎక్కి వచ్చి నిన్ను తీసుకొస్తాడు. నిజంగానే అంటున్నాను.

అక్క


సీల్ కోవ్
అక్టోబరు 20

అక్కా,

నాకు జబ్బు లేదు.

పెద్దక్షరాల్లో కొడదామనుకున్నాను గాని మిషనులో ఆ మీట పనిచెయ్యదు. నిన్న ఉత్తరాల విమానం దిగింది. ఊళ్లో సగంమంది ఒడ్డునే ఉన్నారు. పైలట్ సంచి భుజాన వేసుకుని "ఆర్లో ఎవరండీ, పాపం?" అన్నాడు. సంచి నిండా కార్డులు. పువ్వులు, గొర్రెపిల్లలు, మేఘాలు, వెలుగు. క్లెటస్ తాత కార్డులో "పైన కలుద్దాం" అని రాశాడు! సిమియోన్ ఇంటికొచ్చి నా పడవ ఎవరికి ఇస్తున్నానని నెమ్మదిగా అడిగి వెళ్లాడు. చర్చి నుంచి ఫాదర్ గారు కొవ్వొత్తులు పట్టుకుని బయల్దేరితే ఫెడోసియా దారిలోనే ఆపింది.

దారం తడిసి కుంచించుకుపోయి ఉంటుంది. అంతే. వల దారాలు అంతే.

ఒర అందింది. కుట్టు చూస్తే నాన్నే కుట్టాడనిపించింది. కానీ అక్కా, నిజం చెప్పాలి, అది పనికి రావట్లేదు. పట్టీలు బిగిస్తే ఊపిరాడదు, వదులు చేస్తే జారుతుంది. పిడి గడ్డం కిందికి వస్తోంది. తియ్యబోతే గొట్టం సగంలో కోటుకి తట్టుకుంటోంది, చెయ్యి పైకి పోవడానికి చోటు చాలదు. ఎన్నిసార్లు తీసినా అంతే. అచ్చు ఏమైనా వంగిందా? పాత చెక్క కదా.

ఇంక తిరిగి పంపి, మళ్లీ కుట్టించే టైము లేదు. ఇప్పటిదాకా ఒక్క దుప్పి కూడా పడలేదు. పాత ఒరనే వల దారంతో కుట్టేసి, నడుముకే కట్టుకుని వచ్చే నెల్లో కొండెక్కాల్సిందే. బావని పంపకు. వస్తే వెనక్కి పంపేస్తాను.

జామ్ బాగుంది. కోపంగానే తిన్నాం.

ఆర్లో


లెమ్‌హై లోయ
అక్టోబరు 29

ఆర్లో,

నాన్న అచ్చు వంగలేదు. ఆ మాట చదివాక దానిమీద గజంబద్ద పెట్టి చూశాను. నా మనసు నొచ్చుకున్న మాట నిజం. ఒక రోజంతా నీకోసం ప్రార్థన కూడా చెయ్యలేదు. మర్నాడు రెండు రోజులవీ కలిపి చేశాను.

తర్వాత నీ దారం నీళ్ల గిన్నెలో వేసి, తీసి, పొయ్యి దగ్గర ఆరబెట్టాను. మళ్లీ తడిపాను. అది గోరంత కూడా కుంచించుకోలేదు తమ్ముడూ.

మరి తప్పెక్కడ? అదే దారం కొలతతో పాత తోలులో ఇంకో జత పట్టీలు కోశాను. ఉత్తుత్తి ఒర ఒకటి బిగించి, అందులో నాన్న అచ్చు పెట్టి, బరువు కోసం మేజోడులో సీసపు గుళ్లు పోసి కట్టాను. ముందు వెర్ల్‌కి కట్టాను. "చంపేస్తావా ఏమే, నేనేం గుర్రాన్నా!" అని గోల. బిగుతే గాని పిడి ఉండాల్సిన చోటే ఉంది. చెయ్యి నేరుగా వెళ్లింది, అచ్చు నేరుగా వచ్చింది. ఒర మంచిదే.

ఆయన మిల్లుకి వెళ్లాక వంటింట్లో నేను కట్టుకున్నాను. ఎందుకు కట్టుకున్నానో చెప్పలేను. చేతికి ఇంకో ఒళ్లు దొరకలేదు, అంతే. చలికోటు వేసుకుని, పైన పట్టీలు బిగించాను. పిడి సరిగ్గా గడ్డం కిందికి వచ్చింది. పట్టీ దేవుడు ఆడవాళ్లకిచ్చిన ఒంటిమీద నిలవక పైకి ఎక్కింది. తీస్తే సగంలో తట్టుకుంది. బిగిస్తే ఊపిరాడలేదు, వదిలితే జారింది. నువ్వు రాసిన ప్రతి మాటా నా ఒంటిమీద జరిగింది.

అలా నిలబడి ఉండగా పాస్టరమ్మగారు పళ్లెం తిరిగివ్వడానికి వచ్చారు. "నెల్డా! ఎవరి మీదకమ్మా?" అన్నారు. "ఎవరి మీదకీ కాదండీ, మా తమ్ముడు అబద్ధమాడుతున్నాడు" అన్నాను. ఆవిడ పళ్లెం బల్లమీద పెట్టి మెల్లగా వెళ్లిపోయారు. ఈ బుధవారం ఎవరి పేరు ప్రార్థనలోకి వస్తుందో నాకు తెలుసు.

ఈ దారం నీది కాదు. ఫెడోసియాది. "ముడులు వేశాం" అని రాశావు, వేశానని కాదు. రివాల్వర్ తనే కట్టుకుని, తనే ముందు నడుస్తోంది. అంటే నువ్వు వెనక నడుస్తున్నావు. ఎవరి వెనకా దేనికీ నడవని మనిషివి. అప్పుడు నీ ఉత్తరాలు మూడూ మళ్లీ తీశాను. చేత్తో రాసిన అక్షరం ఒక్కటి లేదు, సంతకం కూడా మిషనే.

ఏ చెయ్యి ఆర్లో?

చెప్పాలనుంటే చెప్పు. ఎప్పుడూ చివర అడిగే మాట ఈసారి అడగను. తుపాకీ ఎవరు మోస్తారో తెలిస్తే చాలు, నేను చెయ్యాల్సిన పని చేస్తాను. చేశాను కూడా. ఈ ఉత్తరం వెనకే వచ్చే పెట్టెలో ఉంది. పాత ఒరని వల దారంతో కుట్టి నడుముకి కట్టొద్దు, నీకు దణ్ణం పెడతాను. ఆ పెట్టె చేరేదాకా ఆగండి.

ఈ కాగితంలో మిగిలింది నీది కాదు. ఆమెకి ఇచ్చేయి.

ఫెడోసియా,

పెట్టెలో వచ్చే ఒర నీకోసమే, నా ఒంటిమీద పెట్టి చూసి కుట్టాను. మనిద్దరిదీ ఇంచుమించు ఒకటే కొలత అని దారం చెప్పింది. ఒరని ఛాతీ నుంచి దించి, పక్కటెముకలు ముగిసే చోట ఇంకాస్త పడుకోబెట్టాను. గొట్టం ఎడమ తుంటివైపు చూస్తుంది, ఎప్పుడూ నేలనే చూస్తుంది, నీ వెనకున్నవాడిని కాదు. భుజంమీద పట్టీ ఒక్కటే, అది మధ్యలోంచి వెళ్తుంది. చట్రం పట్టీలు దానికి అడ్డురావు. పిడిమీద తోలు నాలుక పెట్టాను, బొటనవేలితో తోస్తే చప్పుడు కాకుండా విడుతుంది. ముందు గుళ్లు తీసేసి, చేతొడుగులతో, వానకోటుతో, కూర్చుని, వంగుని తీసి చూడు. వెతక్కుండా చెయ్యి వెళ్లేదాకా చూస్తూనే ఉండు. తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకు, గాలికి ఆరనివ్వు.

నీ పటాల దగ్గర నాకోసం కూడా ఒక కొవ్వొత్తి పెట్టు. నేను ఇక్కడ మోకాళ్లమీద ఉంటాను.

మీ వదిన,
నెల్డా


సీల్ కోవ్
నవంబరు 27

అక్కా,

ఈ వంకర రాత చూసి నవ్వుకో. ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడిగెలికిన రాత కావాలన్నావుగా, ఇది కోడిపిల్ల గెలికింది.

జూలైలో వల లాగే మర కుడిచెయ్యి పట్టుకుంది. బొటనవేలు, దాని పక్కవి రెండు పోయాయి. మిగిలినవి చూపించడానికే ఉన్నాయి. మీట నొక్కడానికి వేలే లేనివాడికి రివాల్వర్ ఎందుకు? ఇరవై ఏళ్లనుంచీ ఈ ఇంటికి మాంసం తెచ్చింది నేను. ఫెడోసియా మొదటిరోజు నుంచీ "మీ అక్కకి రాయి, రాయి" అంటూనే ఉంది. రాయనివ్వలేదు. నువ్వు వచ్చేయమంటావని కాదు. ఈ చెయ్యి సంగతి తెలిసి నువ్వు ఆ మాట రాసి ఉంటే వచ్చేసేవాణ్ని. అదే నా భయం. ఆ మాట నువ్వు అడగని మొదటి ఉత్తరం మొన్నటిదే. రెండుసార్లు చదివాను.

పెట్టె వచ్చేదాకా ఆగాం. ఆమె ఆపింది. "వదిన దణ్ణం పెట్టింది, నువ్వు కూర్చో" అంది. వచ్చాక ఇంట్లో ఒకటే పని. టీ పోస్తూ తీస్తుంది, రొట్టెపిండి చేతుల్తో తీస్తుంది, పడవలో కూర్చుని తీస్తుంది. సిమియోన్ గుమ్మంలోకి వచ్చి చేతులెత్తి "నీ పడవ నాకొద్దులే బాబూ" అన్నాడు.

పోయిన మంగళవారం కొండెక్కాం. ఆమె ముందు, నేను చట్రం మోస్తూ వెనక. ఆల్డర్ పొదల చివర దుప్పిని ఒక్క దెబ్బకి కొట్టింది. చేతులు కడుపులో పెట్టి పని మొదలెట్టింది. నేను కాళ్లు పట్టుకున్నాను, ఉన్న వేళ్లతో. పేగులు తీసి, కాళ్లు కోసి పక్కన పెట్టేసరికి పొదలు కదిలాయి. పెద్దది, నల్లటి మూతి, మంచు కరగని వీపు. పొడుగు తుపాకీ నా వెనక చెట్టుకి ఆనించి ఉంది. నేను తిరిగి అందుకునేలోపు ఏమైనా కావచ్చు, అందుకున్నా ఏం చేస్తాను?

ఫెడోసియా లేచి నాకూ దానికీ మధ్య నిలబడింది. చెయ్యి వెతకలేదక్కా. ఎక్కడుందో తెలిసినట్టు వెళ్లింది. రివాల్వర్ చప్పుడు లేకుండా బయటికి వచ్చింది. రెండు చేతుల్తో పట్టుకుని, మా కోళ్లతో మాట్లాడినట్టు దాంతో మాట్లాడింది. "మాకిది చాలు తాతా. పేగులు నీకు, తల నీకు. చలికాలం గడవాల్సిన ఇల్లు, కాళ్లు మాకు వదిలెయ్యి." నాతో మాత్రం గొంతు మార్చకుండానే "చట్రంలో వేసుకో, తిరక్కు, నడు" అంది. వేసుకున్నాను. నడిచాను. ఆమె వెనక్కి అడుగులేస్తూ నా చట్రానికి వీపు ఆనించి వచ్చింది. పేల్చాల్సిన పని రాలేదు. ఎలుగు దాని వాటా దగ్గర కూర్చుంది.

పడవలోకి వచ్చాక చూస్తే తుపాకీ చెట్టుకే వదిలేశాం. మర్నాడు వెళ్లి తెచ్చుకున్నాం.

ఇప్పుడు గూడు సగం నిండింది. ఇంకో రెండు పడితే చలికాలం గడుస్తుంది. మా ఇద్దరికీ ఈ వరస బాగానే ఉంది, ఆమె కొడుతుంది, నేను మోస్తాను. నాన్న ఉంటే ఏమనేవాడో తెలియదు. "రోజంతా ఏం చేస్తావమ్మా నువ్వు?" అని ఆమెనే అడిగేవాడేమో.

కవరులో ఒక దారం ఉంది. అది ఫెడోసియా పంపింది. నక్క తోలు లోపల వేసి నీకు చలికోటు కుడుతుందట. కోటు లేకుండా ఛాతీ చుట్టూ ఒక ముడి, భుజం నుంచి మణికట్టుదాకా ఒక ముడి వేసి పంపమంది. "వదిన సొంత కొలతే రావాలి, వెర్ల్ అన్నయ్యది కొలిచి పంపితే నాకు తెలిసిపోతుంది" అంది.

ఒకసారి తడిపి కూడా చూసుకో.

నీ తమ్ముడు,
ఆర్లో